పాయింట్ల చోట అయస్కాంతం

పెట్రోలు అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజిన్ పక్కన నల్లటి మూత, దాని నెత్తిన అయిదు లావుపాటి వైర్లతో ఒక చిన్న డబ్బా కనిపిస్తుంది. అదే డిస్ట్రిబ్యూటర్. రెండు పక్కలా ఉన్న క్లిప్పులు ఊడదీసి, మూత పక్కన పెట్టి, రోటర్‌ను పైకి లాగితే అడుగున పిడికిలి పట్టేంత జాగా. అందులో రెండు చిన్న లోహపు చుక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి. పాయింట్లంటే అవే. పాత బండ్లను ప్రేమగా నడుపుకునేవాళ్లు చాలామంది ఇప్పుడు వాటిని తీయించి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టించుకుంటున్నారు.

చెప్పుకోవడానికి ఇది రెండు స్క్రూలు, రెండు వైర్ల పని. కానీ బాగా చేసిన పనికీ, ఏదో అయిందనిపించిన పనికీ చాలా దూరం ఉంది. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి 1489 సీసీ అంబాసిడర్‌కు ఈ మార్పు చేస్తుంటే పక్కనే నిలబడి చూసే అవకాశం నాకు దొరికింది. కొత్త సామాను బిగించడానికి ఆయన తీసుకున్న సమయం చాలా తక్కువ. పాత సామానును పరీక్షించడానికి తీసుకున్న సమయమే ఎక్కువ. ఈ పనిలోని గొప్పతనమంతా అక్కడే ఉందని నా నమ్మకం.

పాత ఏర్పాటులోని తెలివి

తీసేస్తున్నదాని విలువ ముందు తెలుసుకోవాలి. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, డేటన్ నగరంలో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన బ్యాటరీ ఇగ్నిషన్ 1910 నమూనా కాడిలాక్ కార్లలో వచ్చింది. రెండేళ్ల తర్వాత అదే కాడిలాక్‌కు సెల్ఫ్ స్టార్టర్‌ను అందించింది కూడా ఆయనే. ఇంగ్లండ్‌లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌గా పుట్టి, 1950ల చివర్లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో అంబాసిడర్‌గా మారి, 2014లో తయారీ ఆగిపోయిన మన బండికి ఆ పద్ధతి బ్రిటన్‌లోని లూకాస్ కంపెనీ ద్వారా వచ్చింది. 1961లో మద్రాసులో ఏర్పడిన లూకాస్ టీవీఎస్ ఆ వంశపు సామానును మన దేశంలోనే తయారు చేసింది.

బ్యాటరీ వోల్టేజీని నిప్పురవ్వకు చాలినంతగా పెంచేది ఇగ్నిషన్ కాయిల్. దాని లోపల రెండు చుట్టలుంటాయి. ఒకటి లావు తీగతో కొద్ది చుట్లు, రెండోది సన్న తీగతో దానికి వంద రెట్ల దాకా చుట్లు. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు లావు చుట్టలో సుమారు నాలుగు ఆంపియర్ల కరెంటు పారి, చుట్టూ అయస్కాంత క్షేత్రం పెరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది నాలుగు మూలల క్యామ్ తిరుగుతూ పాయింటు మడమను నెట్టగానే పాయింట్లు విడిపోతాయి, కరెంటు ఆగిపోతుంది. నిండుగా పారుతున్న కాలువకు లాకు తలుపులు ఒక్కసారిగా దించితే నీళ్లు ఎగదన్నినట్టు, ఆగిన కరెంటు ఎగదన్నుతుంది. లావు చుట్టలో రెండు మూడు వందల వోల్టులు, సన్న చుట్టలో ఇరవై వేలకు పైగా. ఆ వోల్టేజీయే రోటర్ మీదుగా మూతలోకి, మూత నుంచి ప్లగ్గుకు చేరి నిప్పురవ్వ అవుతుంది. విడిపోయే క్షణంలో పాయింట్ల మధ్య మెరుపు పుట్టకుండా పక్కనున్న చిన్న కండెన్సర్ కాస్తుంది.

ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే డిస్ట్రిబ్యూటర్ అందులో సగం వేగంతో తిరుగుతుంది. చుట్టుకు నాలుగు చొప్పున నిమిషానికి 6,000 నిప్పురవ్వలు, అంటే సెకనుకు వంద. గంటసేపు అదే వేగంతో పోతే పాయింట్లు 3,60,000 సార్లు విడిపోవాలి. ప్రతిసారీ అదే కోణంలో విడిపోవాలి. విడిపోయినప్పుడు వాటి మధ్య ఖాళీ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల లోపలే ఉండాలి. ఇంత కష్టమైన పనిని ఒక స్ప్రింగు, ఒక ఫైబర్ మడమ, రెండు టంగ్‌స్టన్ చుక్కలు వందేళ్లకు పైగా నెట్టుకొచ్చాయి. పాయింట్లను చులకన చేసి మాట్లాడేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసి చూడాలి.

అరుగుదల మాత్రం తప్పదు. మడమ క్యామ్‌కు రాసుకుని అరిగేకొద్దీ ఖాళీ తగ్గుతుంది. ఖాళీ తగ్గితే పాయింట్లు విడిపోవడం ఆలస్యమవుతుంది, టైమింగ్, అంటే నిప్పురవ్వ పుట్టే సమయం, వెనక్కి పోతుంది. ఇది రోజుకు కొంచెం కొంచెంగా జరుగుతుంది కాబట్టి నడిపేవాళ్లకు తెలియదు. పికప్ తగ్గిందనీ, పెట్రోలు ఎక్కువ తాగుతోందనీ ఆర్నెల్ల తర్వాత అనిపిస్తుంది. మరోపక్క కరెంటు దెబ్బకు ఒక చుక్క మీది లోహం రెండో చుక్క మీదికి చేరి, ఇటు గుంట, అటు మొటిమ లేస్తాయి. అప్పుడు ఫీలర్ గేజ్ పెట్టి కొలిచినా అది అసలు ఖాళీని చూపించదు. గేజ్ మొటిమ మీద ఆనుతుంది తప్ప గుంట లోతును కొలవదు.

మడమ లేని పాయింటు

1879లో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో ఎడ్విన్ హాల్ అనే విద్యార్థి పలుచటి బంగారు రేకులో కరెంటు పంపి, దానికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం పెడితే రేకు అంచుల మధ్య చిన్న వోల్టేజీ పుడుతుందని కనిపెట్టాడు. ఆ హాల్ ఎఫెక్ట్ ఆధారంగానే ఈనాటి చాలా కిట్లు పనిచేస్తాయి. క్యామ్ మీద, రోటర్‌కు కింద ఒక ప్లాస్టిక్ ఉంగరం కూర్చుంటుంది. దానిలో నాలుగు అయస్కాంతాలు నాలుగు సిలిండర్లకు లెక్కగా పొదిగి ఉంటాయి. పాయింట్లుండే చోట ఒక చిన్న మాడ్యూల్ కూర్చుంటుంది. అయస్కాంతం ఎదురుగా వచ్చి దాటేటప్పుడు మాడ్యూల్‌లోని సెన్సర్ దాన్ని పసిగడుతుంది, ట్రాన్సిస్టర్ కాయిల్ కరెంటును ఆపుతుంది. ఏదీ దేనికీ తగలదు, రాసుకోదు.

అమెరికాలో క్రైస్లర్ కంపెనీ 1973 నమూనా నుంచి అక్కడ తయారైన తన కార్లన్నిటికీ ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టింది. కొత్త కారును కొత్త పద్ధతిలో తయారు చేయడం ఒక రకం పని. పాత కారులో ఉన్న జాగాను అంగుళం కూడా పెంచకుండా, ఒక్క రంధ్రం కూడా కొత్తగా వేయకుండా కొత్త పద్ధతిని ఇమడ్చడం ఇంకో రకం పని. ఆ మాడ్యూల్‌ను చేతిలోకి తీసుకుని చూశాను. అడుగున పాత పాయింట్ల ప్లేటుకున్న రంధ్రాలే, అదే దూరంలో ఉన్నాయి. లోపలి సర్క్యూట్ అంతా గట్టి ఎపాక్సీలో మునిగి ఉంది, చెమ్మా అదురూ దాన్ని చేరలేవు. దాని ఒక ముఖాన్ని ఉంగరం గుండ్రానికి సరిపోయేలా సన్నని వంపుతో మలిచారు. ఎర్ర వైరు ఒకటి, నల్ల వైరు ఒకటి. ఎర్రది కాయిల్ పాజిటివ్‌కు, నల్లది నెగటివ్‌కు. ప్లగ్గు టైమింగ్‌ను వేగాన్నీ ఇంజిన్ మీది బరువునూ బట్టి ముందుకు జరిపే వెయిట్లు, స్ప్రింగులు, వాక్యూమ్ డబ్బా ఏవీ మారవు. కెటరింగ్ ఊహించిన పద్ధతీ మారదు. కాయిల్ కరెంటును ఆపే ఆ ఒక్క చెయ్యి మాత్రమే మారుతుంది.

ఇదంతా మాడ్యూల్ తయారు చేసినవాళ్ల పనితనం. బిగించేవాళ్ల పనితనం ఇక్కడి నుంచి మొదలవుతుంది.

బిగించే ముందు

బండి యజమాని రిటైరైన పెద్దమనిషి. కిట్ డబ్బా బల్ల మీద పెట్టి, "మేస్త్రిగారూ, సామాను తెచ్చేశాను. పెట్టేయడమేగా?" అన్నారు.

"పెట్టడం ఎంతసేపు సార్! షాఫ్ట్ ఊగుతుందేమో ముందు చూడనివ్వండి" అంటూ మేస్త్రి రోటర్ తీసి, షాఫ్ట్ చివర రెండు వేళ్లతో పట్టుకుని ఇటూ అటూ కదిపారు. కొద్దిగా కదిలింది. మామూలు కంటికి కనిపించనంత. ఆయన వేళ్లకు తెలిసింది.

ఆ కదలికే అసలు దొంగ. షాఫ్ట్ ఊగుతుంటే ఒక్కో సిలిండర్‌కు పాయింట్ల ఖాళీ ఒక్కోలా ఉంటుంది, టైమింగ్ చెదురుతుంది. మాడ్యూల్ పెడితే ఈ జబ్బు కొంత మరుగున పడుతుంది, పూర్తిగా పోదు. బాగా ఊగితే ఉంగరం మాడ్యూల్‌ను గీసుకుని దాన్నే పాడు చేస్తుంది. చాలామంది కిట్ పెట్టగానే బండి బాగుపడిందని మురిసిపోయి, కొన్నాళ్లకు మళ్లీ మిస్సింగ్ వచ్చిందని కిట్‌ను తిట్టుకునేది ఇందుకే.

మేస్త్రి డిస్ట్రిబ్యూటర్‌ను బయటికి తీశారు. షాఫ్ట్ అడుగున ఇంజిన్‌తో కలిసే ముక్క ఒక పిన్నుతో బిగించి ఉంటుంది. దాని నాలుక సరిగ్గా మధ్యలో కాకుండా కొంచెం పక్కకు ఉంటుంది, డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్‌లో ఒకే తీరుగా కూర్చోవడానికి. పిన్ను కొట్టే ముందు ఆయన గీతలు పెట్టే సూదితో షాఫ్ట్ మీదా, ఆ ముక్క మీదా ఒకే వరసలో సన్నని గీత గీశారు. ఆ గీత లేకుండా విప్పితే తిరిగి బిగించేటప్పుడు ముక్క అర చుట్టు తిరిగి కూర్చోవచ్చు. అప్పుడు రోటర్ ఒకటో సిలిండర్‌ను చూడాల్సినప్పుడు నాలుగోదాన్ని చూస్తుంది, బండి స్టార్ట్ కాదు. అర నిమిషం కూడా పట్టని ఆ గీత ఒక రోజు వెతుకులాటను తప్పించింది.

షాఫ్ట్ ఊగడానికి కారణమైన పాత బుష్ తీయించి కొత్త కంచు బుష్ వేయించారు. లోహం లోపల సన్నని రంధ్రాలుండి నూనె పీల్చుకునే రకం అది. దాన్ని రాత్రంతా ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టి మర్నాడు ఎక్కించారు. షాఫ్ట్ వేసి తిప్పి చూస్తే ఎక్కడా పట్టేయలేదు, ఎక్కడా ఊగలేదు.

తర్వాత వెయిట్ల వంతు. బేస్ ప్లేటు కింద రెండు వెయిట్లు, రెండు స్ప్రింగులుంటాయి. వేగం పెరిగేకొద్దీ వెయిట్లు బయటికి విచ్చుకుని క్యామ్‌ను కొంచెం ముందుకు తిప్పుతాయి. ఆ స్ప్రింగులు రెండూ ఒకేలా ఉండవు. ఒకటి సన్నది, మొదటి నుంచీ బిగువుగా ఉంటుంది. రెండోది లావుది, దాని కొక్కెం కాస్త పొడవు, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు వదులుగా వేలాడుతుంది. తక్కువ వేగంలో సన్న స్ప్రింగు ఒక్కటే పనిచేసి టైమింగ్‌ను చకచకా ముందుకు రానిస్తుంది. వేగం పెరిగాక లావుది అందుకుని ఆ పరుగును నెమ్మది చేస్తుంది. ఈ బండిలో ఎవరో ఆ వదులును లోపం అనుకుని కొక్కేన్ని వంచి బిగించేశారు. మేస్త్రి దాన్ని తేరిపార చూసి, తన డబ్బాలోంచి అదే కొలత గల పాత స్ప్రింగు ఒకటి తీసి మార్చారు. "వదులుగా ఉండాల్సింది వదులుగానే ఉండాలి సార్" అన్నారు, అంతే. యజమానికి ఆ మాటతోనే సంగతి అర్థమైంది.

వాక్యూమ్ డబ్బాను పరీక్షించడానికి ఆయన దాని గొట్టాన్ని నోట్లో పెట్టుకుని గాలి పీల్చారు. పైప్లేటు మెల్లగా తిరిగింది. నాలుక అడ్డం పెట్టి ఆపితే తిరిగినచోటే నిలబడింది, నాలుక తీయగానే వెనక్కి వచ్చింది. లోపలి పొర చిరగలేదని దానర్థం. దీనికి ఏ పరికరమూ అక్కర్లేదు.

కరెంటు లెక్కలు

కిట్లు చావడానికి ముఖ్య కారణం కాయిల్. పన్నెండు వోల్టుల మామూలు కాయిల్ నిరోధం సుమారు మూడు ఓమ్‌లు ఉంటుంది, నాలుగు ఆంపియర్ల కరెంటు పారుతుంది. బ్యాలస్ట్ రెసిస్టర్‌తో వాడే కాయిల్ ఒకటిన్నర ఓమ్ ఉంటుంది. దానికి రెసిస్టర్ లేకుండా పన్నెండు వోల్టులిస్తే ఎనిమిది ఆంపియర్లు. మామూలు కాయిల్ కోసం చేసిన మాడ్యూల్ దాన్ని మోయలేదు. రెండు కాయిళ్లూ చూడటానికి ఒకటే. అందుకని మేస్త్రి మల్టీమీటర్ వైర్లు రెండూ ముందు ఒకదానికొకటి తాకించి వాటి నిరోధం ఎంతో చూసుకున్నారు. తర్వాత కాయిల్‌ను కొలిచి, మొదటి అంకెను అందులోంచి తీసేశారు. మూడుకు కాస్త పైన వచ్చింది.

రెండో పరీక్ష ఎర్త్. బ్రిటిష్ వంశపు పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కలిపి ఉండటం మామూలే. ఆ కాలపు లూకాస్ కాయిళ్ల మీద ప్లస్ మైనస్‌లకు బదులు ఎస్‌డబ్ల్యూ, సీబీ అని ఉండేవి. మొదటిది స్విచ్ వైపు, రెండోది పాయింట్ల వైపు. కిట్ ఏ ఎర్త్ కోసం చేశారో చూసుకోకుండా కలిపితే అది ఒక్క క్షణంలో పోతుంది. ఈ బండిది నెగటివ్ ఎర్త్. బ్యాటరీ వైర్లు కంటితో చూసి ఊరుకోకుండా మీటర్ పెట్టి తేల్చుకున్నారు.

మూడోది నాకు బాగా నచ్చిన పరీక్ష. పాయింట్లు ఇంకా తీయకముందే, స్విచ్ వేసి, పాయింట్లు కలిసి ఉన్న స్థితిలో కాయిల్ దగ్గర ఎన్ని వోల్టులు అందుతున్నాయో కొలిచారు. బ్యాటరీ దగ్గర ఉన్నదానికంటే ఒకటిన్నర వోల్టు తక్కువ! దారిలో ఎక్కడో తింటోంది. స్విచ్ నుంచి కాయిల్‌కు వచ్చే తెల్ల వైరు వెంట ఒక్కో అతుకూ కొలుచుకుంటూ వెళితే, డాష్‌బోర్డు వెనక పచ్చగా చిలుం పట్టిన ఒక కనెక్టర్ దొరికింది. దాన్ని తీసేసి కొత్తది వేశారు. ఈ ఒకటిన్నర వోల్టు తిరిగి రావడం కొత్త కిట్ కంటే తక్కువ మేలేమీ కాదు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ ఎలాగూ తొమ్మిది, పదికి పడిపోతుంది; అందులోంచి ఇంకా పోతే ప్లగ్గుకు మిగిలేది ఏముంటుంది?

బిగింపు

ఇన్ని అయ్యాక అసలు పని వచ్చింది. పాయింట్లు, కండెన్సర్ తీశారు. బేస్ ప్లేటును బాడీకి కలిపే సన్నటి అల్లిక వైరు ఒకటుంటుంది. మాడ్యూల్‌కు ఎర్త్ అందేది దాని ద్వారానే. ఏళ్ల తరబడి ప్లేటు తిరిగి తిరిగి ఆ అల్లికలో పోగులు తెగిపోతాయి, తెగినా పైకి కనిపించవు. మేస్త్రి దాన్ని అడగకుండానే మార్చేశారు. ప్లేటు మీద మాడ్యూల్ కూర్చునే జాగాను సన్న గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్దారు.

మాడ్యూల్ వైర్లు పాత వైరు వచ్చిన గాడిలోంచే రబ్బరు గ్రామెట్ గుండా బయటికి వచ్చాయి. ఇక్కడ ఆయన వేళ్లు చాలా నెమ్మదించాయి. వైర్లు మరీ బిగువుగా ఉంటే వాక్యూమ్ ప్లేటు తిరగలేదు; మరీ వదులుగా ఉంటే పైకి లేచి తిరిగే ఉంగరానికి తగులుతాయి. వైర్లను లోపలి అంచు వెంట ఒక వంపు తిప్పి, మళ్లీ గొట్టం నోట్లో పెట్టుకుని గాలి పీల్చి, ప్లేటు తిరుగుతున్నప్పుడు వైర్లు ఎటు కదులుతున్నాయో చూశారు. నచ్చలేదు. వంపు కొంచెం పెంచి మళ్లీ చూశారు. ప్లేటు చివరిదాకా తిరిగినా వైర్లు ఉంగరం జోలికి పోలేదు.

తర్వాత క్యామ్ నడుమ ఉన్న స్క్రూ మీద రెండు చుక్కల నూనె వేశారు. పాయింట్లు పోయాక ఈ నూనె అక్కర్లేదని చాలామంది మానేస్తారు. క్యామ్ మీద పూసే గ్రీజు అక్కర్లేదన్న మాట నిజమే. కానీ లోపల వెయిట్లు కదులుతూనే ఉంటాయి, క్యామ్ షాఫ్ట్ మీద తిరుగుతూనే ఉంటుంది. నూనె లేకపోతే అవి పట్టేసి టైమింగ్ ముందుకు రావడం ఆగిపోతుంది.

ప్లగ్ వైర్లు కూడా మారాయి. పాత వైర్లు లోపల రాగి తీగతో ఉన్నవి. వాటి నుంచి పుట్టే విద్యుత్ రొద మాడ్యూల్‌ను తికమక పెడుతుంది కాబట్టి కార్బన్ కోర్ వైర్లు వేశారు. బయట ఎర్ర, నల్ల వైర్లను పాత వైరింగ్ వెంటే తీసుకెళ్లి, నల్ల గుడ్డ టేపుతో కలిపి చుట్టారు. బానెట్ ఎత్తి చూస్తే కొత్తగా ఏదో తగిలించిన జాడే లేదు.

టైమింగ్

పాయింట్లు విడిపోయే కోణం, మాడ్యూల్ కరెంటు ఆపే కోణం ఒకటి కావు. అందుకని కిట్ పెట్టాక టైమింగ్ మళ్లీ పెట్టి తీరాలి. మేస్త్రి కప్పీ మీది గాటుకు సుద్దతో తెల్ల రంగు పూసి, టైమింగ్ లైట్ క్లిప్పును ఒకటో ప్లగ్ వైరుకు తగిలించారు. వాక్యూమ్ గొట్టం ఊడదీసి దాని నోరు మూశారు. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతుండగా లైట్ వేస్తే తెల్ల గీత నిలిచినట్టు కనిపించింది. విప్పకముందు ఇదే లైట్ వేసి చూసినప్పుడు అది ఇటూ అటూ వణికింది. ఇప్పుడు వణకడం లేదు. అందులో మాడ్యూల్ వాటా ఎంతో, కొత్త బుష్ వాటా ఎంతో విడదీసి చెప్పడం కష్టం. నా లెక్కలో బుష్ వాటా తక్కువేమీ కాదు.

ఈ ఇంజిన్‌లో రోటర్ పైనుంచి చూస్తే ఎడమవైపు తిరుగుతుంది. డిస్ట్రిబ్యూటర్ బాడీని కుడివైపు తిప్పితే టైమింగ్ ముందుకొస్తుంది. ముందు బాడీని తిప్పి దగ్గరకు తెచ్చి బిగించారు. ఆ తర్వాతి సన్నపని కోసం లూకాస్ వాళ్లు వాక్యూమ్ డబ్బా పక్కన గరుకు అంచుతో ఒక చిన్న నట్టు పెట్టారు. దాన్ని వేళ్లతో తిప్పితే ప్లేటు వెంట్రుకవాసి చొప్పున జరుగుతుంది. ఎన్నో బండ్లలో ఆ నట్టు తుప్పుపట్టి, ఎవరికీ గుర్తులేకుండా ఉంటుంది. మేస్త్రి దాన్ని శుభ్రం చేసి, నూనె వేసి, తిప్పి, గీతను గుర్తుకు సరిగ్గా చేర్చారు. ఆక్సిలరేటర్ పెంచితే గీత ఆగకుండా, గెంతకుండా ముందుకు జరిగింది. ఆ స్ప్రింగు మార్చిన ఫలం కళ్లముందు కనిపించింది.

ఏం వస్తుంది, ఏం రాదు

ఈ మార్పుతో బలం పెరుగుతుందని ఆశపడకూడదు. సరిగ్గా పెట్టిన కొత్త పాయింట్లు కూడా ఇంతే బలమిస్తాయి. తేడా ఏమిటంటే, పాయింట్లు ఆ స్థితిలో కొన్నాళ్లే ఉంటాయి, మాడ్యూల్ ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. ఉదయం పూట త్వరగా స్టార్ట్ అవడం, సిగ్నల్ దగ్గర నిలకడగా తిరగడం, టైమింగ్ జారిపోకపోవడం దీని లాభాలు. కాయిల్ మరీ వేడెక్కేలా, మాడ్యూల్ దెబ్బతినేలా స్విచ్ వేసి ఇంజిన్ ఆపి ఉంచడం మాత్రం మానుకోవాలి. పాయింట్ల రోజుల్లో స్విచ్ వేసి ఊరికే కూర్చునే అలవాటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. డీజిల్ అంబాసిడర్‌కు స్పార్క్ ప్లగ్గులే లేవు కాబట్టి అది ఉన్నవాళ్లకు ఈ పనితో నిమిత్తం లేదు.

పాయింట్ల వైపు మాట్లాడేవాళ్ల వాదనలో ఒక నిజముంది. పాయింట్లు దారిలో మొరాయిస్తే గరుకు కాగితం ముక్కతో రుద్ది ఇల్లు చేరవచ్చు. మాడ్యూల్ పోతే రుద్దడానికేమీ లేదు. దీనికి మేస్త్రి దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. తీసేసిన పాయింట్లను పారేయలేదు. వాటి చుక్కలు శుభ్రం చేసి, కొత్త కండెన్సర్, రెండు స్క్రూలు, పాత వైరు కలిపి ఒక పొట్లం కట్టి యజమాని చేతిలో పెట్టారు. "డిక్కీలో పడేయండి సార్. అవసరమైతే ఏ ఊళ్లో మెకానిక్ అయినా అరగంటలో వెనక్కి పెట్టేస్తాడు" అన్నారు.

ఒక్క రంధ్రం కొత్తగా వేయలేదు, ఒక్క పాత భాగాన్నీ కోయలేదు కాబట్టే ఆ మాట అనగలిగారు. ఈ పని చేయించుకోదలచినవాళ్లు మేస్త్రిని ఎంచుకునేటప్పుడు కిట్ ఏ కంపెనీది అని అడిగే ముందు, షాఫ్ట్ ఊపి చూస్తారా, కాయిల్ కొలుస్తారా, ఎర్త్ వైరు మారుస్తారా, పాత సామాను తిరిగి ఇస్తారా అని అడగండి. నాలుగింటికీ అవునని చెప్పే మనిషి చేతిలో బండిని నిశ్చింతగా పెట్టవచ్చు.